నీడలేని అడవి

ఇందిరాపార్కు చెట్లకింద నడిచే మన కవాడిగూడ కాళ్లకు నల్లమల వేసవి కొత్త. ఉగాదికి ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి మీదుగా శ్రీశైలం నడిచివచ్చే కన్నడ భక్తుల్ని అడగండి. అడవంటే నీడ అనుకుంటాం. అప్పటికి చాలా చెట్లు ఆకు రాల్చేసి ఉంటాయి. సోకు టోపీ ముఖాన్నే కాస్తుంది. చెవులకూ మెడకూ తలపాగా, తువ్వాలే దిక్కు. సన్‌స్క్రీన్ చెమటకు నిలవదు, రెండు గంటలకోసారి మళ్లీ రాయాల్సిందే. అన్నిటికన్నా మంచి మందు తెల్లవారకముందే బయల్దేరి, పదకొండుకల్లా ఆగిపోవడం. పట్టుదల ఎండతో పనికిరాదు: స్వయంగా వైద్యుడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డే 2003 వేసవి పాదయాత్రలో రాజమండ్రి దగ్గర మంచం పట్టారు. ఒళ్లు కాలుతూ మాట తడబడితే అది వడదెబ్బే. తోడున్నవాళ్లు తడిగుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ, సిగ్నల్ దొరికిన చోటినుంచి 108కి ఫోన్ చేయాలి.