తుప్పు పట్టిన చిన్న కారు, ఇంటివాని చేతిపని

హోసూరు-సర్జాపుర రోడ్డు లేఅవుట్ అను పేరు వాడుకలో అరిగి అరిగి నేడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌గా నిలిచినది. ఏడు సెక్టార్ల ఈ పేటలో కొత్త కంపెనీల బోర్డులు ఎన్ని కనబడునో, చెట్ల క్రింద కదలక నిలిచిన పాత చిన్న కార్లును అన్నియే కనబడుచున్నవి. గుడ్డ కప్పుకొని, చక్రముల చుట్టును ఆకులు పోగుపడి, తలుపు అంచులందు ఎఱ్ఱని పొక్కులు లేచిన ఈ బండ్లలో పెక్కు మారుతి 800లు. వీని యజమానులలో మనవారు తక్కువగా లేరు. కొందరు తండ్రిగారి గుర్తుగా దానిని ఉంచుకొన్నారు. మరికొందరికి ఉన్నది ఆ బండి ఒక్కటియే. వేరొకటి కొను స్తోమత లేదు. ఈ రెండవ తెగవారిని ఉద్దేశించియే మేము ముఖ్యముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1983 డిసెంబరులో ఇందిరాగాంధీగారి చేతిమీదుగా తొలి తాళములు అందిన ఈ బండి 2014 జనవరి వరకు తయారైనది. బెంగుళూరువారి లెక్క మాత్రము కొంత వేరు. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 అను పొగ ప్రమాణము బెంగుళూరు, హైదరాబాదులతో కూడ 13 నగరములలో అమలునకు వచ్చినది. ఈ బండి ఇంజనును ఆ ప్రమాణమునకు దిద్దలేదు గనుక ఇచ్చట దాని అమ్మకము నిలిచినది. కాబట్టి ఈ ఊరిలోనే కొన్న మారుతి 800 నేడు 15 ఏండ్లు దాటినదే యగును. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆపైన తనిఖీ చేయించుకొని అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. దాని రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగినది. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసిరి. ఉంచుకొందుమా, తుక్కునకు ఇత్తుమా అను ప్రశ్న ఇంటింటను పుట్టుట ఇందువలననే.

ఈ ప్రశ్నకు సమాధానము బండి వయస్సులో లేదనియు, దాని అడుగు రేకులో ఉన్నదనియు మా అభిప్రాయము. ఇంజను చెడినచో బాగుచేయవచ్చును, మార్చనూవచ్చును. 796 సీసీల ఆ మూడు సిలిండర్ల ఇంజను సంగతి తెలియని మెకానిక్కు అరుదు. జె.సి. రోడ్డులో కొత్త సామాను, శివాజీనగరములో పాత సామాను వెదకిన దొరకును. ఒళ్లు చెడిన సంగతి వేరు. ఈ కారునకు పాత జీపునకు వలె క్రింద వేరుగా చట్రము లేదు. నేల రేకు, తలుపుల క్రింద గడపవలె సాగిన పెట్టె దూలము (మెకానిక్కులు దీనినే రన్నింగ్ బోర్డు అందురు), ప్రక్క స్తంభములు, పైకప్పు, అన్నియు ఒకదానికొకటి అతికి ఒక్క పెట్టెగా బరువు మోయుచున్నవి. సీట్ల బోల్టులును, సీటు బెల్టుల కొక్కెములును ఆ రేకునే పట్టుకొని ఉన్నవి. అది తినివేయబడినపుడు బెల్టు కట్టుకొన్నను కట్టుకొననట్లే.

ఇనుమునకు నీరును గాలియు కలిసినపుడు తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో త్వరపడును. పుట్టిన తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక రంగు పొక్కులై లేచును. మనము చూచు పొక్కు చిన్నది. దాని వెనుకనున్న చేటు పెద్దది. అది తరచుగా లోపలినుండి బయటికి వచ్చును. తలుపు అద్దము వెంబడి దిగిన వాన నీరు తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రముల గుండ పోవలెను. ఆ రంధ్రములు దుమ్ముతో పూడినచో నీరు తలుపులోనే నిలుచును. వానిని తీయుటకు చీపురుపుల్ల చాలును. చీపురుపుల్లతో పోవు దానిని ఉపేక్షించి, అయిదేండ్లకు తలుపు క్రింది భాగమంతయు కోసి వేయించుకొనువారిని మేము ఎందరినో ఎరుగుదుము.

ఈ పేటకు మరియొక చిక్కు కలదు. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు, హెచ్‌ఎస్‌ఆర్ పరిసరముల వీధులు జలమయమైన సంగతి పాఠకులు మరచి ఉండరు. అట్టి నీటిలో ఒక పూట నిలిచిన కారునకు ఇంజను తిరిగి పలికినంతమాత్రమున గండము గడచినదనుకొనరాదు. తివాచీ క్రింది దళసరి పొర నీటిని పీల్చుకొని వారములకొలది ఆరదు. పైకి చేయి పెట్టి చూచిన పొడిగానే తోచును. సీట్లు విప్పి, తివాచీ ఎత్తి, ఎండలో వేయవలెను. కాలువ నీటితో వచ్చిన ఒండ్రు రన్నింగ్ బోర్డులలో చేరి తడిని పట్టి ఉంచును. దానిని మంచినీటితో కడిగి, గాలి తగులనిచ్చి ఆరబెట్టవలెను. ఇక వీధిలో నిలిపిన బండికి గాలి ఆడని ప్లాస్టికు గుడ్డ కప్పుట మేలనుకొనువారు కలరు. తడి బండికి అట్టి గుడ్డ కప్పుట తుప్పునకు పందిరి వేయుటయే.

చేతిపని ఎంతవరకు చేసికొనవచ్చును? ముందు పరీక్ష. కుండను కొనునపుడు వ్రేలితో కొట్టి చూచినట్లు స్క్రూడ్రైవరు పిడితో నేల రేకును, చక్రముల పై వంపులను, బ్యాటరీ క్రింది పళ్లెమును, డిక్కీలో స్టెప్నీ ఉండు గుంటను తట్టి చూడవలెను. గట్టి రేకు కంగుమనును. తినిన రేకు బొద్దుగా పలుకును. అనుమానమున్నచోట మొనతో నొక్కవలెను. మొన దిగనిచో అది పైతుప్పు. దానిని ఇంటివాడే తీయగలడు. తీగ బ్రష్షుతోను ఉప్పుకాగితముతోను మెఱయు లోహము కనబడువరకు రుద్ది, మూలలలో మిగిలినదానికి తుప్పును మార్చు ద్రావకము పూయవలెను. ఈ ద్రావకములు రెండు రకములు. ఫాస్ఫారికు ఆమ్లము కలవి తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చును; టానికు ఆమ్లము కలవి నల్లని గట్టి పొరగా మార్చును. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి సిరా చేసిన మన పూర్వులకు ఈ నలుపు క్రొత్తది కాదు. ఆ సిరాయు ఇనుమును కరక్కాయలోని టానికు ఆమ్లమును కలిసిన రంగే. తరువాత ప్రైమరు రెండు పూతలు, ఆరిన పిదప రంగు. ప్రైమరు పూసి రంగు వేయక నెలలు వదలుట కూడదు. ప్రైమరు నీటిని పూర్తిగా ఆపలేదు. బ్యాటరీ పళ్లెమునకు మాత్రము ముందు వంటసోడా నీళ్లతో కడిగి ఆమ్లమును చంపవలెను. లేనిచో ఎన్ని పూతలైనను నిలువవు. ముందరి మడ్‌గార్డు బోల్టులతో బిగించినది గనుక తినిపోయినచో విప్పి వేరొకటి బిగించుటయు ఇంటివానికి సాధ్యమే.

మొన దిగినచో చేతిపని అక్కడ ఆగవలెను. అచ్చట కావలసినది మాటు. చెడిన రేకును మంచి రేకు కనబడువరకు కోసి, కొత్త రేకు పెట్టి వెల్డింగు చేయించవలెను. పెట్రోలు ట్యాంకు, తివాచీ, వైర్లు దగ్గర ఉండగా నిప్పురవ్వలతో చెలగాటము యూట్యూబులో చూచి నేర్చుకొను విద్య కాదు. అనుభవముగల టింకరు పనివానికి ఇచ్చి, కోసినపుడు ఒకమారు, అతికినపుడు ఒకమారు దగ్గర నిలిచి చూచుకొనుట మేలు. బ్రేకు గొట్టములకు తుప్పు కనబడినను ఇదే మాట. ఒక్క జాకీని నమ్మి బండి క్రింద దూరుట ఎంతటి ప్రజ్ఞావంతునికైనను తగదు. రెండు ఇనుప స్టాండ్లు పెట్టి, చక్రములకు అడ్డు వేసిన పిదపనే దూరవలెను.

మేము కఠినముగా మాటాడదలచినది లప్పము గూర్చి. పనివారు లప్పమనియు పుట్టీ అనియు పిలుచు ఆ ముద్ద మంచి రేకుమీది సొట్టను నునుపు చేయుటకు పుట్టినది. రేకే లేని రంధ్రమును పూడ్చుటకు కాదు. రంధ్రములో వార్తాపత్రికయో, జాలియో కుక్కి, పైన లప్పము మెత్తి, రంగు కొట్టి, ఆ బండిని అమ్ముట మన కండ్లయెదుట జరుగుచున్నది. కొనువారెవరు? అనంతపురమునుండియో, చిత్తూరునుండియో వచ్చి ఇచ్చట తొలి ఉద్యోగములో చేరి, ఊరినుండి తల్లిదండ్రులు వచ్చినపుడు ఆసుపత్రికి తీసికొనిపోవుటకు ఒక బండి ఉండిన చాలునను పిల్లలు. వారు రంగును చూతురు. తివాచీ ఎత్తి చూడరు. అట్టి లప్పము ఒక వానకాలము నిలుచును. దాని క్రింద తడి చిక్కుకొని తుప్పు మునుపటికంటె వేగముగా ప్రాకును. పనివాడు చౌకగా చేసెదననినను యజమాని ఒప్పుకొనరాదు. అమ్మునపుడు మాటు ఎచ్చట పడినదో కొనువానికి చూపవలెను. కొనువాడు ఒక అయస్కాంతపు ముక్కను జేబులో వేసికొని పోయినచో మంచిది. రేకును పట్టుకొనునది లప్పమును పట్టుకొనదు.

నెల్లూరు, విశాఖ, కాకినాడ తీరములనుండి తెచ్చిన బండ్లను మరింత జాగ్రత్తతో చూడవలెను. ఉప్పుగాలి పనిచేసిన రేకు ఈ ఊరి చల్లదనమునకు వచ్చినంతమాత్రమున కోలుకొనదు. ఇట్టి బండ్లు 12 నెలలకు మించి ఈ రాష్ట్రములో ఉన్నచో ఇక్కడి రిజిస్ట్రేషను సంఖ్య తీసికొనవలెనని అదే చట్టపు 47వ సెక్షను చెప్పుచున్నది. అందులకు తొలి కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము కావలెను. తనిఖీయందు చాసిస్సు సంఖ్యను పత్రములతో సరిచూతురు. ఆ సంఖ్య చెక్కినచోట తుప్పు చేరినచో మొదట దానినే చూచుకొనవలెను. తీగ బ్రష్షుతో అక్కడ బలముగా రుద్దరాదు. మెత్తని గుడ్డతో తుడిచి నూనె రాయుట చాలును. అంకెలు చెరిగినచో బండి ఎంత గట్టిదైనను అధికారికి నచ్చజెప్పుట కష్టము.

ఇంకొక మాట. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసి వచ్చుచున్నది. ఇథనాలు తడిని పీల్చు స్వభావము కలది. నెలలకొలది కదలని బండి ట్యాంకు లోపలినుండియు తుప్పు పట్టగలదు. పాత రబ్బరు గొట్టములును దీనికొరకు చేసినవి కావు. వానిని మార్పించుట పెద్ద ఖర్చు కాదు. వారమునకొకమారైనను బండిని పేట చుట్టును త్రిప్పుట మంచిది.

పనిముట్లు కొనలేమని కొందరందురు. 2009లో ఆమ్‌స్టర్‌డాములో పుట్టిన రిపేర్ కెఫే పద్ధతి 2015లో బెంగుళూరునకు వచ్చినది. జనులు చెడిన మిక్సీలను, దీపములను తెచ్చి, తెలిసినవారి ప్రక్కన కూర్చొని బాగుచేసికొందురు. కారును బల్లమీద పెట్టలేము నిజమే. కాని పది ఇండ్లకు ఒక జాకీ, రెండు స్టాండ్లు, ఒక స్పానర్ల పెట్టె ఉండిన చాలును.

చివరిగా అపార్టుమెంటు సంఘముల పెద్దలతో ఒక మాట. క్రింది అంతస్తులో కారు పని ఏదియు చేయరాదని పెక్కు భవనములలో నిబంధన కలదు. గ్రైండరు మోత, పిచికారీ రంగు, వెల్డింగు కూడదనుట న్యాయమే. మూసిన చోట అవి ప్రమాదకరములు. పాత ఇంజను నూనెను వాన కాలువలో పోయువానిని తప్పక ఆపవలెను. ఆ కాలువలు చేరునది చెఱువులనే. అగర చెఱువు మన పేటకు ఆనుకొనియే ఉన్నది. కాని తివాచీ ఎత్తి ఎండలో వేయువానిని, చీపురుపుల్లతో తలుపు రంధ్రములు తీయువానిని, ఉప్పుకాగితముతో ఒక మూల రుద్దుకొనువానిని కావలివాడు వచ్చి అదలించుట మాకు సబబుగా తోచదు. ఆదివారము ఉదయము రెండు గంటలు, బయటి ఆవరణలో, క్రింద ఒక గోనె పరచుకొని పని చేసికొనుటకు అనుమతి ఇచ్చి, తొలకరికి ముందుగా ఆ నిబంధనను సవరింపవలెనని కోరుచున్నాము.