పిచ్చుకకు కుచ్చు, బావురుపిల్లికి కర్రా?

కృత్తివెన్ను మండలంలోని రైతు సోదరులకు, చెరువుల యజమానులకు, రాత్రి కాపలా కాసే తమ్ముళ్లకు విన్నపం.

కోతలయ్యాక చూరుకు వరికుచ్చు వేలాడదీసి పిచ్చుకల్ని పిలిచే మనసు మనది. మార్చి 20న బడి పిల్లలు వాటి దినం కూడా జరుపుతున్నారు. ఎంతో సంతోషం. అదే గట్టు మీద రాత్రిపూట తిరిగే బావురుపిల్లికి మాత్రం దక్కేది కర్రదెబ్బ, కాకపోతే గుళికలు కలిపిన చేప. ఇది అన్యాయం.

2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం పిచ్చుకలు పెద్ద నగరాల్లో తగ్గినా, దేశం మొత్తమ్మీద నిలకడగానే ఉన్నాయి. బావురుపిల్లి పేరు అంతర్జాతీయ ప్రమాద జాబితాలో ఉంది. వన్యప్రాణి చట్టం దాన్ని పులితో పాటు మొదటి షెడ్యూల్లో పెట్టింది. చంపితే మూడేళ్లకు తగ్గని జైలు. పశ్చిమ బెంగాల్ దాన్ని 2012లోనే రాష్ట్ర జంతువు చేసుకుంది. మన కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లోనే కాదు, బయట చెరువుల మధ్య కూడా అది బతుకుతోంది.

చేపలు తింటుంది, నిజమే. పీతల్ని తింటుంది, గట్లకు బొరియలు పెట్టే ఎలుకల్నీ తింటుంది. ఆ మేలు మాత్రం ఎవరూ లెక్కలో వేయరు.

ఇక పిచ్చుక సంగతి. కుచ్చులోని గింజ పెద్ద పిచ్చుకకే సరిపోతుంది. గూట్లో పిల్లలకు తల్లి మెత్తటి పురుగుల్ని తెచ్చి పెట్టాలి. గట్టు గడ్డిని కలుపు మందుతో మాడ్చేస్తే ఆ పురుగు ఉండదు, పిల్లి దాగే చాటూ ఉండదు. రెంటికీ కావలసింది ఒకటే: కాస్త పచ్చగా వదిలిన గట్టు.

అందుకే వచ్చే గ్రామసభలో ప్రతి ఊరూ తీర్మానం చేయాలి. మురుగు కాలువకు ఒక పక్క గట్టు మీద జమ్ము, తుంగ నరకకుండా, మందు కొట్టకుండా ఉంచాలి. వానాకాలం నీళ్లు లాగవన్న భయం వద్దు: కాలువ నడుమ గుర్రపుడెక్క, తూడు ఎప్పటిలా తీయించాల్సిందే. చెరువుల దగ్గర విషపు ఎర, ఉచ్చు పూర్తిగా మానాలి. టార్చి వెలుగు, డబ్బా మోతతో పిల్లిని తరిమితే చాలు. పిల్లి వల్ల చేపలు పోయిన చిన్న రైతుకు పరిహారం ఇవ్వాలని అటవీ శాఖను, మత్స్య శాఖను అదే తీర్మానంలో అడగాలి. నష్టమంతా పేదవాడే మోయాలంటే ఏ చట్టమూ నిలబడదు.

గ్రామసభకు రండి. ఈ తీర్మానానికి చెయ్యెత్తండి.