పడవవారి మాటలు మోటమాటలా?

మన సంఘముల వార్షికోత్సవములలో తెలుగు తేనెకన్న తీయనిదని పలుకని వక్త లేడు. ఆ తేనెను కూర్చిపెట్టినవారి మాటలను మాత్రము మోటవని మనమే విడుచుచున్నాము.

యానాములో గౌతమి యొడ్డున పుట్టి పెరిగిన మన పిల్లలను పడవ ముందు కొసను ఏమందురని అడిగి చూడుడు. 'ఫ్రంటు' అందురు. వెనుక కొస 'బ్యాకు'. రేవులోని వృద్ధులను అడిగిన, ముందరిది అణియము, వెనుకటిది అమరము అని తడుముకొనక చెప్పుదురు. తమిళ తీరమునందును ఈ మాటలే కలవు. చుక్కాని, తెరచాప, తెడ్డు, లంగరు మనము మరువలేదు. లంగరు పారసీకమునుండి వచ్చియు మనదైనది. ఇంటి మాటలైన అణియమునకు, అమరమునకు మాత్రము చోటు లేకపోయినది.

ముందు, వెనుక అనిన చాలదా యని కొందరు వాదింతురు. చాలదు. వెనుకకు తిరిగి కూర్చుండి తెడ్లు లాగువానికి ఎదుటనున్నది పడవకు వెనుక. వాని యెడమ పడవకు కుడి.

మేము ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసితిమి. ఒకసారి రెండు పడవలు ఢీకొనగా ఒక సరంగు వాఙ్మూలము వ్రాయవలసివచ్చినది. 'అమరము కుడిప్రక్క తగిలినది' అని ఆయన చెప్పెను. ఆ మాట కచేరీకి తగదని తలచి 'కుడిప్రక్క తగిలినది' అని మాత్రము వ్రాసితిమి. వెనుకనుండి వచ్చి గ్రుద్దినది అవతలి పడవయే యనుటకు ఆ ఒక్క మాటయే సాక్ష్యము. విచారణలో ఏమియు తేలలేదు. ఆయనకు పరిహారము రాలేదు. తప్పు ఆయన భాషది కాదు, మా కలముది.

ఇంగ్లీషు నావికులు ఓడ యెడమప్రక్కను లార్‌బోర్డు, కుడిప్రక్కను స్టార్‌బోర్డు అనెడివారు. గాలి హోరులో రెండును ఒకటిగా వినబడుచుండుటచే 1844లో వారి నౌకాశాఖ లార్‌బోర్డును తొలగించి పోర్టు అను మాటను నియమించినది. నేటికిని రాత్రివేళ పోర్టు ప్రక్క ఎఱ్ఱదీపము, స్టార్‌బోర్డు ప్రక్క పచ్చదీపము వెలుగును. 1954 వరకు యానామును ఏలిన ఫ్రెంచివారికిని బాబోర్, త్రిబోర్ అను మాటలున్నవి. మాటకు ప్రాణము విలువ కట్టిన పరదేశీయులను మెచ్చుకొందుము. మన సరంగు మాటకు నవ్వుదుము. ఇది యేమి న్యాయము?

ఇంజను పడవలు వచ్చినవి. తెరచాపలు తగ్గినవి. ఆ మాటలెరిగిన వృద్ధులును తగ్గుచున్నారు. కావున రాబోవు ఉత్సవమున ఒక ఉపన్యాసము తగ్గించి, ఒక వృద్ధ సరంగును వేదికపై కూర్చుండబెట్టి, ఆయన చెప్పు మాటలను పిల్లలచేత వ్రాయింపవలెనని మా మనవి. శాలువ కప్పకున్నను సరే. చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనిన చాలును. ఆనాడు మేము చేయని పని అదియే.