కార్-టి చికిత్స: ఉద్దానం రోగికి ఖర్చు కంటే ముందు కిడ్నీ లెక్క

ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ సెంటర్ కలిసి తయారు చేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దాన్ని ప్రారంభించారు. అమెరికాలో మూడు నాలుగు కోట్లయ్యే ఇలాజ్ ఇక్కడ 30 నుంచి 50 లక్షల్లో అవుతుందని వార్తలొచ్చాయి. ధర తగ్గడం మంచిదే. కానీ కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కుటుంబాలు డబ్బు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రోగి కిడ్నీలు ఎలా ఉన్నాయి?

చికిత్స ఎలా చేస్తారో చూస్తే ఈ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది. రోగి రక్తాన్ని మెషీన్‌లోకి పంపి, అందులోంచి టి-కణాలనే రక్షణ కణాలను తీసుకుని, మిగతా రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతుంటే ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ల్యాబ్‌లో ఆ కణాల్లోకి ఒక జన్యువు చేరుస్తారు. దాంతో అవి సీడీ19 అనే గుర్తు ఉన్న కణాలను వెతికి చంపడం నేర్చుకుంటాయి. కొన్ని రకాల రక్త కేన్సర్ కణాల మీద ఆ గుర్తు ఉంటుంది. తర్వాత ఆ కణాలను సెలైన్ ఎక్కించినట్టు రోగికి ఎక్కిస్తారు.

అయితే ఎక్కించే ముందు కొన్ని రోజులు కీమో ఇస్తారు, కొత్త కణాలకు ఒంట్లో చోటు చేయడానికి. అందులో వాడే ఫ్లూడరాబిన్ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది. కిడ్నీ దెబ్బతిని ఉంటే మందు ఒంట్లోనే నిలిచి విషమవుతుంది. అందుకే డాక్టర్లు డోసు తగ్గిస్తారు, ఒక్కోసారి చికిత్సే వద్దంటారు. ఏ లక్షణమూ లేకుండా క్రియాటినిన్ పెరిగిపోయే ప్రాంతం మనది. ఇక్కడ ఇది చిన్న విషయం కాదు.

రెండో ప్రమాదం కణాలు ఎక్కించాక వస్తుంది. అవి ఒక్కసారిగా విజృంభిస్తే తీవ్ర జ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది, ఆ దెబ్బ కిడ్నీలకూ తగులుతుంది. ఆపడానికి మందులున్నాయి గానీ, ఎక్కించిన కణాలను వెనక్కి తీసుకోలేం. 2025లో లాన్సెట్ హెమటాలజీలో వచ్చిన నెక్స్‌కార్19 ఫలితాల్లో సుమారు 73 శాతం మందిలో కేన్సర్ తగ్గింది. చికిత్స వల్లే ప్రాణం పోయిన వారూ ఉన్నారు.

అందుకే శాస్త్రవేత్తలు ఇప్పుడు 'అదుపు' మీద పడ్డారు. అమెరికాలోని బేలర్ వైద్య కళాశాల 2011లోనే ఒక దారి చూపింది. మూలుగ మార్పిడి రోగులకు ఇచ్చిన టి-కణాల్లో ముందే ఒక స్విచ్ పెట్టారు. ఇబ్బంది రాగానే ఒక్క డోసు మందు ఇస్తే, అరగంటలో ఆ కణాల్లో 90 శాతానికి పైగా చనిపోయాయి. 2015లో కాలిఫోర్నియా పరిశోధకులు దీన్ని తిరగేశారు: మందు ఇస్తేనే పనిచేసి, లేకపోతే ఊరుకునే కణాలు. రెండు గుర్తులూ కనిపిస్తేనే దాడి చేసే కణాలనూ పరీక్షిస్తున్నారు. రొమ్ము, నోటి కేన్సర్ లాంటి గడ్డల మీద కార్-టి ఇంకా నిలబడలేదు కాబట్టి ఆ పని ముఖ్యం. బలహీన కిడ్నీల మనిషికి ఇలాంటి కణాలు కొంత భద్రత ఇస్తాయి, ముందు ఇచ్చే కీమో సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

నెక్స్‌కార్19 ఇచ్చేది 15 ఏళ్లు దాటి, మామూలు చికిత్సలకు లొంగని, లేదా తిరగబెట్టిన బి-కణ లుకేమియా, లింఫోమా ఉన్నవారికే. ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలే. మిగతాది ఎక్కడి నుంచి? జకాత్, చందాలు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ రిపోర్టుతో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి వెళ్లడం మేలు. అది టాటా మెమోరియల్‌దే. కిడ్నీ సంగతి తేల్చుకోవడానికి 2023 డిసెంబరులో ప్రారంభించిన పలాస 200 పడకల ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది.

ఇంకో జాగ్రత్త. జర్మనీ డాక్టర్లు 2022లో ఐదుగురు లూపస్ రోగులకు కార్-టితో ఉపశమనం వచ్చిందని ప్రకటించారు. లూపస్ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది కాబట్టి ఆ వార్త ఇక్కడికి వచ్చేసరికి వేరే రూపం తీసుకోవచ్చు. ఉద్దానం జబ్బు లూపస్ కాదు, దాని అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఈ కణాలతో డయాలసిస్ మానేయొచ్చని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.