అణుబాంబునకు చెప్పిన కారణము

హిరోషిమాపై 1945 ఆగష్టు 6వ తేదీన అణుబాంబు వేయుటకు కారణమును, నాటి అమెరికా యుద్ధమంత్రి స్టిమ్సన్ 1947లో నొక వ్యాసమున వివరించెను. జపానుపై దండెత్తినచో అమెరికను సేనలలోనే పదిలక్షలకు మించి హతులు, క్షతగాత్రులు కాగలరని తమకు తెలిసినదట! ఇంత సంఖ్య యెదుట నోరెత్తువారెవరు?

కాని తేదీలను చూడుడు. బాంబు వేయుడను ఉత్తరువు జూలై 25వ తేదీది. లొంగిపొమ్మను పోట్స్‌డామ్ ప్రకటన వెలువడినది మరునాడు. ప్రశ్న యడుగకమునుపే శిక్ష సిద్ధమైనదన్నమాట. బేషరతుగా లొంగవలెననుటయే సంధికి అడ్డమని జపాను విదేశాంగమంత్రి తోగో మాస్కోలోని తన రాయబారికి పంపిన తంతులను అమెరికనులు చదువుచునే యుండిరి. అయినను ప్రకటనలో చక్రవర్తిని గూర్చి యొక్కమాటయైన లేదు. లొంగిన పిమ్మట నాతనిని సింహాసనముననే యుండనిచ్చిరి!

జపాను సేనానుల మొండితనమును మేము కప్పిపుచ్చము. చైనాలో వారి దురాగతములు లోకమెరుగును. అయినను మూడుదినములకే నాగసాకిపై రెండవ బాంబేల? దానికి వేరుగా నాజ్ఞయే యక్కరలేకపోయెను. సిద్ధమైనకొలది వేయుచుండుడని మొదటి యుత్తరువులోనే యున్నది. తన యనుమతి లేక మరియొకటి వేయరాదని ట్రూమను కట్టడిచేసినది ఆగష్టు 10న, నాగసాకి కాలిన మరునాడు.