విషమును చదివినవాడే మందు నిచ్చెను

విజయనగరము చుట్టుపట్ల మాంగనీసు తవ్వకము 1892లోనే ఆరంభమైనది. ఆ నల్లని రాతిని పగులగొట్టునపుడు లేచు ధూళి ఏండ్ల తరబడి ఊపిరితో లోనికి పోయినచో మెదడును చెఱచుననియు, ఆ చెఱుపును ఓర్పుతో పరిశీలించిన వైద్యుడొకడు లోకమునకు గొప్ప ఔషధమును ప్రసాదించెననియు మనలో ఎఱిగినవారు బహు కొలదిమంది. ఆయన పేరు జార్జ్ కొట్జియాస్.

1918లో గ్రీసు దేశపు క్రీటు ద్వీపమున జన్మించి, యుద్ధకాలమున అమెరికాకు వలసపోయి, హార్వర్డులో వైద్యము చదివి, న్యూయార్కు సమీపమందలి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో స్థిరపడిన ఆయన, దేహమున లేశమాత్రముగా నుండు లోహముల గతిని శోధించుచు చిలీ దేశపు మాంగనీసు గనుల కూలీలవద్దకు చేరెను. వారి వ్యాధి మొదట ఉన్మాదమువలె పొడసూపును. కారణము లేక నవ్వుదురు, కారణము లేక ఏడ్చెదరు. పిమ్మట ముఖమున భావము చచ్చి మైనపు బొమ్మవలె నగును, మాట తడబడును, నడక కుదించుకొనిపోవును. అట్టివానిని నాలుగడుగులు వెనుకకు వేయుమన్నచో నిలువలేక పడిపోవును.

ఆయన బృందము గ్రహించిన విషయమొకటి నన్ను నేటికిని కలచుచున్నది. వ్యాధి ముదిరి గని విడిచిన కూలీల దేహమున లోహము మిక్కిలిగా నుండునని ఎవరైనను తలంతురు. కాని కొలిచి చూడగా, ఆ లోహము దేహమును విడిచిపోయినను వ్యాధి మాత్రము నిలిచియే యున్నదని తేలెను. విషము పోయినది, గాయము మిగిలినది. కావున నరములు చెడిన పిదప రక్తమును పరీక్షించి “ఏమియు లేదు” అని పంపివేయు వైద్యము ఆ కూలివానికి చేయు అన్యాయమే.

ఆ కూలీల లక్షణములు పార్కిన్సన్ వ్యాధిని పోలియుండుటచే కొట్జియాస్ దృష్టి ఆ వ్యాధివైపు మరలెను. ఆ రోగుల మెదడులో నల్లని కేంద్రకమొకటి వర్ణము కోల్పోవును. ఆ వర్ణమును మరల పుట్టింపవలెనని ఆయన ముందుగా వాడిన హార్మోను చర్మమును నల్లబరచి, వణకును హెచ్చించెను. ఆ వైఫల్యమునకు క్రుంగక, ఆ వర్ణమునకును, డోపమైను అను నాడీ రసాయనమునకును మూలమైన డోపాను చేపట్టెను. వియన్నా వైద్యులు 1961లోనే దానిని సూదిమందుగా వాడి క్షణికమైన మేలును చూచియుండిరి. కొట్జియాస్ దానిని నోటిద్వారా స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, వారముల తరబడి మెల్లమెల్లగా పెంచుచు, దినమునకు గ్రాముల లెక్కకు చేర్చెను. 1967లో ప్రకటించిన పరిశోధనలో 16 మంది రోగులకుగాను 8 మందికి గణనీయమైన మేలు కలిగినది. మంచమునకు అంటుకొనిపోయినవారు లేచి నడచిరి. ఆ ఓర్పు విషశాస్త్రము నేర్పినదే యని నా విశ్వాసము: ఎంత మోతాదు, ఎంత కాలము, ఏ దేహము అన్న ప్రశ్నలు ఆ శాస్త్రమునకు ఊపిరి.

ఆ డోపా మనకు పరాయిది కాదు. చేలగట్లపై ప్రాకి, తాకినవాని మేనంతయు దురద పుట్టించు దూలగొండి గింజలలో అది కలదని 1937లోనే దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు మద్రాసులో వెల్లడించిరి.

ఇంత జరిగినను మన కళాశాలలలో విషశాస్త్రమునకు దక్కు స్థానము స్వల్పము. శవపరీక్ష తరువాత పోలీసులకు పంపు నివేదికతో ఆ శాస్త్రము ముగియునన్న భావన మనలో నాటుకొనియున్నది. బ్రదికియున్న కూలివాని నరములకు దానితో పని లేదా? మన చట్టము క్రింద తప్పక తెలుపవలసిన వ్యాధులలో మాంగనీసు విషము నరములకు సోకుటయు ఒకటి. చట్టమున పేరున్నంత మాత్రమున వ్యాధి పట్టుబడదు, వెదకువాడు వలయును. మందుల తయారీలో పేరు గడించిన మన రాష్ట్రములు, మందుల పట్టా పొందిన యువకులలో కొందఱినైనను ఈ వెదకులాటకు పంపి, గనులయందును పురుగుమందులు చల్లు చేలయందును పనివారి నరముల పరీక్షను ఏటేట జరిపింపవలెను. ఇందుకు పెద్ద యంత్రములు అక్కఱలేదు. గని ద్వారమున కూర్చున్న వైద్యుడు ఊపిరితిత్తుల ఎక్స్‌రేతో తృప్తి చెందక, కూలివానిని పది అడుగులు వెనుకకు నడిపించి చూచుగాక.