చిక్కనిదంతా చక్కనిది కాదు

కందెన అనే మాట యీనాటి పిల్లలలో ఎందరికి తెలుసునో చెప్పలేను. పత్తి బోరేలూ, మిరపకాయ టిక్కీలూ వేసుకొని పల్లెల నుంచి గుంటూరికి ఎడ్లబళ్ళు బారులు తీరి వచ్చిన రోజుల్లో, బండి కింద కందెన నింపిన గొట్టమొకటి వేలాడుతూ వుండేది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపితే అదే కందెన. ఇరుసు కీచుమన్నదంటే బండివాడు దిగి, చక్రం సడలించి, కాస్త కందెన రాసిగాని ముందుకు కదిలేవాడు కాదు. కందెన పెట్టకుండా బండి తోలేవాణ్ణి చూసి తక్కిన బండ్లవాళ్ళు నవ్వేవారు. ఆ నవ్వులో న్యాయం వున్నది. ఇనుమూ ఇనుమూ రాసుకునే చోట నూనె చుక్క లేకపోతే, నష్టం ఆ పూటతో పోయేది కాదు.

మన ఆముదం బండి ఇరుసు దగ్గరే ఆగిపోలేదు, ఆకాశానికి కూడా ఎగిరింది. 1914 – 18 యుద్ధంలో ఎగిరిన విమానాలు చాలావాటికి ఇంజనును చల్లార్చేది గాలే. అటువంటి ఇంజనులకు ఆముదమే పోసేవారు. ఆముదం పెట్రోలులో తేలికగా కరిగిపోదు. గొప్ప వేడికి కూడా పట్టు విడవదు. 1909లో ఒక ఇంగ్లీషు కంపెనీ తన కొత్త చమురుకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టుకున్నదంటే, అందులో వినిపించేది ఆముదానికి వున్న ఇంగ్లీషు పేరే.

తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికే మాస్టారికి యీ ఇంజనాయిలు గొడవ ఎందుకని మీరడగవచ్చు. చెబుతాను. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకరున్నారు. ఆయన మామగారు డాక్టరు; విదేశాల్లో కొంతకాలం పనిచేసి వస్తూ ఒక ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు తెచ్చుకున్నారు. తాబేటి చిప్పలాంటి ఆ గుండ్రటి బండిని మీరు సినిమాల్లోనైనా చూసేవుంటారు. డాక్టరుగారు పోయిన తరువాత బండి కూతురు యింటికి చేరింది. పోయిన వేసవిలో దంపతులు దానిలో చిలకలూరిపేట బయలుదేరారు. సగం దారిలో కాలుతున్న నూనె వాసన వేసింది. చమురు దీపం మినుకుమినుకుమంది. ఆవిడ పట్టుబట్టి బండి ఆపించకపోతే ఇంజను అక్కడే బిగుసుకుపోయేది.

బండిని లారీమీద యింటికి తెచ్చారు. పాతసామాన్లవాడు వచ్చి తూకం ధర చెప్పాడు. మిత్రుడికి అమ్మేద్దామనే వున్నది. ఆవిడ మాత్రం నాతో, “అన్నయ్యగారూ, మా నాన్న ముప్ఫయ్యేళ్ళు నడిపారు. ఒక్కనాడు దారిలో నిలవలేదు. ఆయన పోయిన రెండేళ్ళకే యిట్లా అయిందంటే తప్పు బండిదా, మాదా?” అన్నారు. అంటూ ఒక పాత నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. మందుల చీటీలు రాసే చేతి రాత కదా, మా వారికి చదవటం చాతకావటం లేదు, మీరు తాళపత్రాలు చదివినవారు గనుక చూడండి అన్నారు.

అది బండి జాతకం. ప్రతి పంక్తిలోనూ తారీఖు, మైళ్ళు, ఆపైన ఇంచుమించు ఒకే వాక్యం: 30 నంబరు, రెండున్నర లీటర్లు, జల్లెడ కడిగాను. మూడువేల మైళ్ళకొకసారి. చివరి సంవత్సరాలలో బండి ఎక్కువగా తిరగలేదు. అయినా ఆరునెలలకొకసారి అదే వాక్యం వున్నది.

ఇక్కడ కాస్త యంత్రం సంగతి చెప్పుకోవాలి. మనవాళ్ళు ఎరిగిన అంబాసిడరూ, ఫియట్టూ నీటితో చల్లబడే బండ్లు. ముందు రేడియేటరు, అందులో నీళ్ళు. బీటిల్‌కు రేడియేటరే లేదు. ఇంజను వెనక వుంటుంది. ఒక పంకా గాలిని తోస్తుంది. సిలిండర్ల చుట్టూ వున్న సన్నని రెక్కలు ఆ గాలికి వేడిని అప్పగిస్తాయి. ఈ జాతి మనకు బొత్తిగా కొత్తది కాదు. మద్రాసులో 1955 నుంచి తయారైన బుల్లెట్టు మోటారుసైకిలు యీ జాతిదే. 1959లో ఫరీదాబాదులో బయటికి వచ్చి మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టరుగా పేరుపొందిన ఐషర్ కూడా యీ జాతిదే.

నీళ్ళు లేనిచోట నీటి పనిలో పెద్ద వాటా నూనెమీద పడుతుంది. నీటి బండిలో చమురు ప్రధానంగా కందెన. గాలి బండిలో అది కందెన, దానితోపాటు మోతకూలీ కూడా. లోపలి వేడిని మోసుకువచ్చి, పంకాగాలి తగిలే చిన్న చమురు కూలరులో దించి, మళ్ళీ లోపలికి పోవాలి. ఇంతటి చాకిరీకి వున్నది రెండున్నర లీటర్లే. రెంటచింతల వేసవి ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. చమురు వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడూ అది చెడిపోయే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. డాక్టరుగారి మూడువేల మైళ్ళ పట్టుదల చాదస్తం కాదన్నమాట.

మరి దోషం ఎక్కడ జరిగింది? ఆ వేసవికి ముందు బండిని ఒక షెడ్డులో యిచ్చారు. అక్కడివారు, పాత బండి, పైగా ఎండాకాలం, చిక్కని ఆయిలైతే ఇంజనుకు బలం అని, దొరికినవాటిలో చిక్కనిదే పోశారు. చాలదని దాన్ని యింకా చిక్కబరిచే టానిక్కు డబ్బా ఒకటి కలిపారు. మన గృహిణులు పాలవాణ్ణి పరీక్షించే పద్ధతిలో చాలామంది చమురునూ పరీక్షిస్తారు. వేలికి రాసుకొని చూసి, చిక్కగా వుంటే సరుకు మంచిదంటారు.

బెజవాడ ఆటోనగరులో ఒక ముసలి మేస్త్రీకి బండి చూపించాము. నోటుబుక్కు సంగతి విని ఆయన నవ్వి, “మాస్టారూ, ఎండన పడి వచ్చినప్పుడు మీరు మజ్జిగ తాగుతారా, గడ్డపెరుగు తాగుతారా?” అన్నాడు.

ఆ మాటలో శాస్త్రమంతా వున్నది. బీటిల్ ఇంజనులో చమురు దారికి ఒక చిన్న కవాటం వుంటుంది. చమురు చిక్కగా వుండి ఒత్తిడి ఎక్కువైతే కవాటం జరిగి, కూలరు గుండా పోనివ్వకుండా అడ్డదారిన నేరుగా బేరింగులకు పంపుతుంది. పొద్దున్నే చల్లని ఇంజనుకు అది మేలే. కాని మరీ చిక్కని చమురు పోస్తే, అది పలచబడేదాకా కూలరు ముఖం సరిగా చూడదు. వేడి తగ్గాలని పోసిన చిక్కదనమే వేడి దిగే దారిని మూసిందన్నమాట.

అందుకే నంబర్లున్నాయి. చమురు చిక్కదనానికి 1911లో అమెరికాలో మోటారు ఇంజనీర్ల సంఘంవారు వరసలు ఏర్పరచారు. నంబరు పెరిగినకొద్దీ చిక్కన. డబ్బామీద 20 డబ్ల్యూ 50 అని వుంటే, చలిలో అది 20 నంబరులాగా పారుతుంది, నూరు డిగ్రీల వేడిలో 50 నంబరులాగా నిలుస్తుంది. డబ్ల్యూ అన్నది చలికాలానికి గుర్తు. మన మైదానాలలో మంచి స్థితిలో వున్న పాత గాలి ఇంజనుకు 30 గాని 40 గాని ఒకే నంబరు చమురు, లేదా 20 డబ్ల్యూ 50 సరిపోతాయి. దానిపైన టానిక్కులు అక్కరలేదు. కొత్త కార్లకని వచ్చే బాగా పల్చని చమురులు కూడా వీటికి తగవు. 2004 తరువాత వచ్చిన పల్చని రకాలలో, పొగగొట్టంలోని శుద్ధి పరికరం చెడకుండా, భాస్వరం తగ్గించారు. పాత ఇంజనులో టప్పెట్ల అరుగుదలను ఆపే జింకు మందులో వుండేది ఆ భాస్వరమే. ఖరీదెక్కువైనంత మాత్రాన పథ్యం కుదరదు.

చమురొక్కటే కాదు. మేస్త్రీ పంకా తొడుగు విప్పితే కూలరు రెక్కల సందుల్లో దూదిపింజలు అట్టకట్టి వున్నాయి! పత్తి లారీల వెనక ప్రయాణం చేసే మన ప్రాంతంలో యిది వింత కాదు. దానికి నల్లరేగడి దుమ్ము తోడు. గాలి వడపోసే గిన్నెలో కూడా కొద్దిగా చమురు పోసి వుంచాలి. దుమ్ము అందులో అంటుకుంటుంది. ఆ గిన్నె ఎండి వున్నది. ఇంజను చుట్టూ వుండే రేకులలో ఒకటి లేనేలేదు. అనవసరమని ఎవరో తీసి పారవేశారు కాబోలు. కింది వేడిగాలి పైకి రాకుండా కాచేది ఆ రేకే.

చమురు మార్చే పని యింటిదగ్గర చేసుకోదగినదే. ఇంజను కాస్త వేడిగా వున్నప్పుడు, చదును నేలమీద నిలిపి, పాత చమురును తీరికగా దిగనివ్వాలి. ఆ బండికి కాగితపు ఫిల్టరు లేదు. అడుగున తీగజల్లెడ వుంటుంది. దానిని పట్టివుంచే చిన్న నట్లు ఆరు. జల్లెడను కిరసనాయిలుతో కడిగి, కొత్త వాషర్లు వేసి, నట్లను మెల్లగా బిగించాలి. కింద వున్నది మెత్తని లోహం. బలం చూపితే మరలు తెగిపోతాయి. రెండున్నర లీటర్లు పోసి, ఇంజను తిప్పి, దీపం ఆరినదాకా చూసి, ఆపి, అయిదు నిముషాల తరువాత కొలపుల్ల తీసి చూడాలి. పైగీత దాటి పోయటం కూడా దోషమే. దిగిన చమురును ఒకసారి పరీక్షించండి. పెట్రోలు వాసన వేస్తే పెట్రోలు పంపు కారుతున్నదని అనుమానించాలి. పాలు కలిసిన కాఫీలా వుంటే నీరు చేరింది. తళుకులుంటే వెంటనే మేస్త్రీని పిలవండి. దుమ్ము దారుల్లో తిరిగే బండికి అయిదువేల కిలోమీటర్ల గడువును సగానికి తగ్గించండి. కదలకుండా కూర్చున్న బండికి కూడా ఏడాదికి ఒకసారైనా మార్చాలి. అప్పుడప్పుడూ కాసేపు తిప్పి ఆపే బండిలో తేమా, ఆమ్లాలూ చమురులో చేరి లోపల తుప్పు పెడతాయి.

ఇంజను బ్రతికింది. దాని విలువ డబ్బు లెక్కకే పరిమితం కాదు. 2021 జూలైలో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను అయి యాభై ఏళ్ళు దాటిన కారుకు వింటేజి బండిగా ప్రత్యేకమైన నంబరు యిస్తారు. కాని చాసిస్‌లోనూ, బాడీలోనూ, ఇంజనులోనూ పెద్ద మార్పులు చేసి వుండకూడదు. అటువంటి బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు కూడా. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ తీసుకుపోవచ్చు. మొదటి ఇంజను పోగొట్టుకున్నవాడు ఆ గౌరవం ఎట్లా అడుగుతాడు? ఆవిడ ఆ దరఖాస్తు ప్రయత్నంలో వున్నారు.

ఇక దింపిన నల్లనూనె మాట. మనవాళ్ళు దాన్ని చెదలకని దూలాలకు పూస్తారు, పశువుల పుండ్లకు రాస్తారు, మిగిలింది మురుగుకాలువలో కుమ్మరిస్తారు. అది ఆముదం కందెన కాదు. అందులో లోహపు పొడులూ, కాలిన పెట్రోలు మురికీ వుంటాయి. చర్మానికి తరచుగా తగలటం క్యాన్సరుకు దారితీయగలదు. ఒక లీటరు చమురు పది లక్షల లీటర్ల నీటిని చెడగొట్టగలదని లెక్క. సాగరు కాలువ నీటిని చెరువులో నింపుకొని తాగే పల్లెలు మనకు ఎన్ని వున్నాయో ఆలోచించండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం యీ నూనె అనుమతి పొందిన శుద్ధిదారులకే చేరాలి. మూతవున్న డబ్బాలో పోసి, దానిని వారికి చేరవేసే వర్క్‌షాపుకు అప్పగిస్తే చాలు.

మీ యింట్లో గాలి ఇంజను కారు వుండకపోవచ్చు. బుల్లెట్టో, ట్రాక్టరో, పక్కింటివారి ఆటోయో వుంటుంది. ఈసారి నూనె మార్పించినప్పుడు ఏ నంబరు పోశారని అడగండి. పాతది ఎక్కడ పోశారని కూడా అడగండి. రెండు జవాబులూ తారీఖు వేసి ఒక నోటుబుక్కులో రాసివుంచండి. మీ తరువాత బండి నడిపేవారికి పనికివస్తుంది. చేతిరాత మాత్రం కాస్త తెలిసేట్టు వుండాలి సుమండీ!